నేను ఆర్టీసీ డ్రైవర్‌ని, అయినా నా కొడుకును డ్రైవింగ్ స్కూల్‌కు పంపిన

మా పెద్దోనికి జూన్ 19న 18 ఏండ్లు నిండినయ్. లైసెన్స్ కార్డు నవంబర్ రెండో వారంల ఇంటికొచ్చింది. ఈ నడుమ ఏం జరిగింది, ఎక్కడ ఆగినం, ఎంత ఖర్చయింది, అన్నీ వరుసగ రాస్తున్న. ఇంటర్ దాటిన పిల్లలున్న వాళ్లు డిపోల, చుట్టాలల్ల నన్ను ఇదే అడుగుతున్నరు. ఒక్కసారి రాసి పెడితే అందరికి పనికొస్తది.

నేను నల్గొండల ఆర్టీసీ డ్రైవర్‌ని. అందుకే మొదలు వచ్చే ప్రశ్న, "నువ్వే డ్రైవర్‌వు కదనే, నువ్వే నేర్పియ్యరాదా, ఉత్తగ పైసలెందుకు పెట్టినవ్?" అని. నేను ఇరవై ఏండ్లకు పైగ స్టీరింగ్ మీదున్న. నా కాలు క్లచ్ మీదికి ఎప్పుడు పోతదో నాకే తెల్వదు, దానంతట అదే పోతది. చేతనైన పని వేరు, దాన్ని విడదీసి ఒకరికి చెప్పుడు వేరు. ఇంకో సంగతి, తండ్రి పక్కన కూసుంటే పిల్లగాడు రోడ్డు చూడడు, తండ్రి మొహం చూస్తడు. ఆ భయంతోని నేర్చుకున్నది తండ్రి దిగిపోంగనే మర్చిపోతడు.

మావోడు ఇంటర్ ఫస్టియర్ నుంచే బండి అడుగుడు మొదలువెట్టిండు. దోస్తులందరు బండ్ల మీదనే కాలేజీకి వస్తున్నరు, వీడొక్కడు బస్‌పాస్. ఇంట్ల వాళ్ల అమ్మ, నేను ఒక్క మాట మీదున్నం: 18 నిండేదాక తాళంచెవి ముట్టేది లేదు. మా బామ్మర్ది వచ్చి, "బావా, మగపిల్లగాడు, ఊర్లెకు పోయి రానీకి కూడ ఇయ్యవా" అని గట్టిగనే అడిగిండు. అప్పుడు ఆయనకు చట్టం చెప్పిన. 2019ల మోటారు వాహనాల చట్టం మార్చిన్రు. 199ఏ అని కొత్త సెక్షన్ పెట్టిన్రు. 18 నిండని పిల్లగాడు బండి నడిపి దొరికితే తప్పు తల్లిదండ్రులది, బండి ఓనరుది. మూడేండ్ల దాక జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లగానికి 25 ఏండ్లు వచ్చేదాక లెర్నర్, అంటే నేర్చుకోనీకి ఇచ్చే లైసెన్స్ కూడ ఇయ్యరు. ఎవరికన్న తాకితే, ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లకు కట్టిన పైసలు మల్ల మన దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఎకరం అమ్మినా తీరని లెక్క అది. 16 ఏండ్లకే నడపొచ్చని కొందరంటరు. అది 50 సీసీ లోపు బండ్లకే. ఊర్లల్ల అందరు "చిన్న బండి" అనే టీవీఎస్ ఎక్సెల్ కూడ ఇప్పుడు 100 సీసీది.

చట్టం కన్న నన్ను ఆపింది నా సీటు. బస్సు సీట్ల నుంచి చూస్తే రోడ్డు వేరే తీరుగ కనబడతది. ముగ్గురు పిల్లలు ఒక్క బండి మీద, హెల్మెట్ లేదు, ఎడమ పక్క నుంచి సందు దొరకవట్టుకొని దూరుతరు. నేను స్టాపుల ఆపనీకి ఎడమకు కోస్తున్ననన్న సంగతి వాళ్లకు తెల్వదు. నేను బ్రేకు మీద నిలవడితే వెనుక యాభై మంది ప్యాసింజర్లు నన్ను తిడతరు, ఆ పిల్లలు చేయి ఊపుకుంట పోతరు. ఎన్నోసార్లు ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలే.

జూన్ ఆఖర్ల లెర్నర్‌కు అప్లై చేద్దామని కూసున్నం. అక్కడనే మొదటి ఆటంకం. పదో తరగతి మెమోల ఇంటిపేరు పూర్తిగ ఉంది, ఆధార్‌ల ఒక్క అక్షరమే ఉంది. వయసుకు మెమో, అడ్రస్‌కు ఆధార్ పెడదామనుకున్నం. రెండిట్ల పేరు ఒక్క తీరుగ ఉంటే తర్వాత ఏ తిప్పలు ఉండదని తెలిసినోళ్లు చెప్పిన్రు. ఆధార్ సరిచేయించినం. అది అప్‌డేట్ అయ్యేసరికి జులై సగం అయిపోయింది. మీ పిల్లలకు 17 దాటంగనే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకోండ్రి, మాకు పోయిన టైం మీకు పోదు.

రెండో ఆటంకం వస్తదని మేం అనుకోలే. అప్లికేషన్‌తోని ఫారం 1 అని ఒకటుంటది. ఆరోగ్యం గురించి మనమే రాసిచ్చే డిక్లరేషన్. మూర్ఛ ఉందా, కండ్లు కనబడతయా అని ప్రశ్నలు. అందరు చదవకుంటనే టిక్కులు పెడతరు. అందుల ఒకటి: పగటి వెలుతురుల 25 మీటర్ల దూరం నుంచి కారు నంబర్ ప్లేట్ చదవగలుగుతవా? మావోడు "ఆఁ" అని టిక్ పెట్టబోయిండు. నేను ఆగమన్న. ఇంటి ముంగట గల్లీల పక్కింటోళ్ల కారు ఉంది. దాని కాడికెళ్లి పెద్ద అంగలు కొలిచి, వాణ్ని నిలవెట్టి చదవమన్న. టీజీ అన్నడు, 05 అన్నడు. అది మన జిల్లా నంబరే, ఎవరైన చెప్తరు. ఆ తర్వాత నాలుగు అంకెలల్ల రెండు తప్పు చెప్పిండు. దగ్గరికి రమ్మంటే సగం దూరం వచ్చినంక సరిగ్గ చదివిండు.

నాకు కాళ్లల్ల వణుకొచ్చింది. కండ్ల డాక్టర్ దగ్గరికి తోల్కపోతే రెండు కండ్లకు సైటే, మైనస్ ఒకటింబావు దగ్గర. ఇన్నేండ్లు క్లాసుల ముందు బెంచీల కూసునేది, ఫోన్ దగ్గర పెట్టుకొని చూసేది, అందుకే ఎవరికీ తెల్వలే. వానికి కూడ తెల్వదు, లోకమంతా అట్లనే మసకగ కనబడతదనుకున్నడు. అద్దాలు పెట్టుకున్న రోజు గడియారం సెంటర్ల నిలవడి, "డాడీ, బస్సు బోర్డు గింత దూరం నుంచే చదువొచ్చునా?" అని అడిగిండు. వాళ్ల అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. అద్దాలకు, పరీక్షకు కలిపి రెండు వేల చిల్లర అయింది. మొత్తం ఖర్చుల ఇంతకన్న పనికొచ్చిన పైస ఇంకోటి లేదు. లెర్నర్ కార్డు వచ్చిందంటే అన్నీ చూసే ఇచ్చిన్రని మనం అనుకుంటం. కంటిచూపు సంగతి మాత్రం మన నోటి మాట మీదనే ఉంది.

లెర్నర్ పరీక్ష స్లాట్ ఆగస్టు 4కు దొరికింది. కంప్యూటర్ మీద ఇరవై ప్రశ్నలు, పన్నెండు సరైతే పాస్. తెలుగుల రాయొచ్చు. గుర్తులన్నీ ముందే బొమ్మలు చూసి నేర్చుకున్నడు. పాసైండు గని, చౌరస్త దగ్గర సిగ్నల్ లేకపోతే ఎవరికి దారి ఇయ్యాలన్న ప్రశ్న తప్పు పెట్టిండట. "పెద్ద బండికి" అని పెట్టిండు. కుడి దిక్కు నుంచి వచ్చేటోనికి ఇయ్యాలె. మన దగ్గర రోడ్డు మీద నడిచేది వాడు పెట్టిన జవాబే కాబట్టి వాణ్ని తిట్టలేకపోయిన.

లెర్నర్ ఆరు నెలలు చెల్లుతది. ముప్పై రోజులు నిండినంకనే అసలు టెస్టుకు పోవచ్చు. ఆ ముప్పై రోజులు నేర్చుకోనీకే ఇచ్చినయి. ఎక్కువ మంది వాటిని ఎదురుచూసే రోజులు అనుకుంటరు. బండికి ముందు, వెనుక తెల్లని పలక మీద ఎర్రటి "ఎల్" ఉండాలె. కారుల అయితే లైసెన్స్ ఉన్నోడు, నేర్పేటోడు, పక్కన ఉండాలె. లెర్నర్ చేతికి రాంగనే ఒక్కడే తిరగొచ్చని మావోని దోస్తులు అనుకుంటున్నరు. కాదు.

ఇగ స్కూల్ వెతుకుడు. ఒక్కో దగ్గర ఒక్కో మాట. ఒకాయన, "పది రోజులు, రోజుకు అరగంట, లైసెన్స్ బాధ్యత మాది" అన్నడు. ఇంకొకాయన క్లాసులుండయని, స్టీరింగ్ పట్టుకుంటే అదే వస్తదని చెప్పిండు. కేంద్ర నియమాలల్ల సొంత వాహనాల శిక్షణకు కనీసం 21 రోజులు, రోడ్డు మీద నడిపేది కనీసం పది గంటలు అని ఉంది. ఆ మాట ఎత్తితే కొందరు నా మొహం వింతగ చూసిన్రు. ఆఖరికి ఒక చిన్న స్కూల్ దొరికింది. నడిపేటాయన చానా ఏండ్లు లారీ తోలినాయన. కారుకు ఆయన దిక్కు కూడ బ్రేకు, క్లచ్ ఉన్నయి. గోడ మీద గుర్తుల పటం, ఒక నల్లబోర్డు. నేను డ్రైవర్‌నని తెలిసి, "అన్నా, నువ్వు మాత్రం కారుల ఎక్కొద్దు" అని మొదటి రోజే చెప్పిండు. ఆ మాటకే నాకు ఆయన మీద గురి కుదిరింది.

కారుకు ఆరున్నర వేలు. బండి కూడ నేర్పమంటే ఆయన ఆశ్చర్యపోయిండు. స్కూటీ నేర్చుకోనీకి ఆడపిల్లలు వస్తరట గని, మగపిల్లగాడు బండి నేర్చుకోనీకి ఎన్నడు రాలేదట. మగపిల్లలకు పుట్టుకతోనే బండి వస్తదని అందరి నమ్మకం. ప్రమాదాలల్ల ఎక్కువ పోయేది మాత్రం బండ్ల మీద పోయే వాళ్లే. రెండు వేలు వేరే ఇస్తనని ఒప్పించిన.

ఆగస్టు మూడో వారంల మొదలైంది. పొద్దున ఆరింటికి పోయేది. నాకు డ్యూటీ లేని రోజు నేను దూరంగ నిలవడి చూసేది.

మొదటి రోజు స్కూల్ సార్ బోర్డు మీద ఒక అంకె రాసిండు: 1,68,491. 2022ల మన దేశంల రోడ్డు మీద చనిపోయిన వాళ్లు. "ఇందుల ఎక్కువ మంది నీ వయసు నుంచి మీ నాయిన వయసు దాక ఉన్నోళ్లే" అన్నడు. తర్వాత ఆ మాట మల్ల ఎత్తలే. భయపెట్టి వదిలిపెట్టే మనిషి కాదు. నేరుగ గ్రౌండ్‌కు తోల్కపోయి సుద్దతోని గీత కొట్టిండు. "గంటకు 40 మీద వస్తున్నవ్. కుక్క అడ్డమొచ్చింది. నీ కన్ను చూసి, నీ కాలు బ్రేకు తొక్కేసరికి ఒక సెకండు అనుకో. ఆ సెకండుల బండి ఎంత దూరం పోతది?" మావోడు రెండు గజాలన్నడు. సార్ టేప్ పట్టి 11 మీటర్లు కొలిచి ఇంకో గీత కొట్టిండు. ఇంకా బ్రేకు పడనే లేదు. 60 మీద అయితే ఆ సెకండుకు దాదాపు 17 మీటర్లు. ఆ తర్వాత బ్రేకు పడ్డంక జారేది వేరే. వేగం రెండింతలైతే బ్రేకు దూరం నాలుగింతలు. మావోడు ఎంపీసీ చదివినోడే, సూత్రం పరీక్షల రాసినోడే. గీతల నడుమ నడిచినప్పుడు మాత్రం వాని మొహం మారింది. ఇంటికొచ్చి వాళ్ల చెల్లెకు వాకిట్ల అంగలేసి చూపించిండు.

బండి మీద ఇంకో పెద్ద పని పడ్డది. మన దిక్కు పిల్లలు దోస్తుల కాడ నేర్చుకునే మొదటి పాఠం, "ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతవ్" అని. మావోడు బండి నడపకున్నా ఆ మాట మాత్రం విని ఉన్నడు. సార్ వెనుక బ్రేకు ఒక్కటే తొక్కి ఆపమన్నడు, ఎక్కడ ఆగిందో రాయి పెట్టిండు. అదే వేగంల రెండు బ్రేకులు కలిపి, ముందుది మెల్లగ పిసుక్కుంట ఆపమన్నడు. రెండు రాళ్లకు నడుమ ఉన్న దూరం చూసి నేనే నోరు తెరిచిన. బ్రేకు పడంగనే బరువంతా ముందు చక్రం మీదికి వస్తది, అందుకే ఆపే బలం ఎక్కువ ముందు బ్రేకులనే ఉంటది. ఇసుక మీద, మలుపుల, తడి మీద మాత్రం ముందుది గట్టిగ పట్టొద్దు, పల్టీ మాట అక్కడి నుంచి పుట్టింది. ఇదొక్కటి నేర్వనీకి వానికి వారం పైననే పట్టింది. మొదట్ల వేలు ముందు బ్రేకు మీదికి పోనేపోకపోయేది.

హెల్మెట్ సంగతి కూడ అక్కడనే తేలింది. నేను మంచిదే కొనిచ్చిన, ఐఎస్ఐ గుర్తు ఉన్నది. మావోడు క్లిప్పు వదులుగ పెట్టుకుంటుండు, జుట్టు చెడిపోతదని. సార్ వెనుక నుంచి హెల్మెట్ పట్టి ముందుకు లేపిండు, అది చేతికే వచ్చింది. క్లిప్పు కింద రెండు వేళ్లు పట్టేంత సందే ఉండాలె అన్నడు. ఆ రోజు నుంచి వాని వెంట ఎవరు ఎక్కినా, వాళ్ల చెల్లె కూడ, ముందు ఆ రెండు వేళ్ల పరీక్ష.

కారు మొదట్ల అస్సలు కుదరలే. ప్రకాశం బజార్ దిక్కు పొద్దున్నే జనం తక్కువున్నప్పుడు తోల్కపోతే అక్కడ ఆగిపోయింది. వెనుక ఆటోలు హారన్లు కొట్టినయి. ఇంటికొచ్చి గదిల తలుపేసుకున్నడు. "నాకు రాదు డాడీ, దోస్తులందరు నేర్చుకోకనే నడుపుతున్నరు, నాకొక్కనికే ఎందుకీ పరీక్షలు" అన్నడు. ఆ మాటకు జవాబు చెప్పుడు కష్టమే. నిజంగనే అందరు నడుపుతున్నరు. వాళ్ల అమ్మ మాత్రం ఒక్కటే అన్నది, "వాళ్లందరు ఇంటికి రావాలని నేను మొక్కుత బిడ్డా. నువ్వు నేర్చుకొనే పో." తెల్లారి లేచి పోయిండు.

స్కూల్ల లేని పాఠం ఒకటి నేను చెప్పిన. మా ఊరు కనగల్ దగ్గర. బామ్మర్దికి లారీ ఉంది. ఒక ఆదివారం లారీ నిలిపి ఉన్నప్పుడు మావోణ్ని డ్రైవర్ సీట్ల కూసోబెట్టిన. బామ్మర్ది కొడుకును స్టాండేసిన బండితోని లారీ ఎడమ పక్క ముందు మూలకు నిలవెట్టిన. "తమ్ముడెక్కడున్నడో చెప్పు" అన్న. అద్దంల చూసిండు, ముందుకు వంగి చూసిండు. కనబడలే. పోరడు చేయి ఎత్తి ఊపినా కనబడలే. ఆ తర్వాత బండి ఎనుకకు జరిపించి లారీ ఎనుక బంపర్‌కు దగ్గరగ పెట్టిస్తే అక్కడ కూడ మాయం. కిందికి దింపి చెప్పిన: లారీ అద్దంల నీకు డ్రైవర్ మొహం కనబడకపోతే, డ్రైవర్‌కు నువ్వు లేవు. బామ్మర్ది కూడ పక్కనే నిలవడి విన్నడు. ఆ రోజు నుంచి తన చిన్న కొడుక్కు బండి ఇచ్చుడు బంద్ చేసిండు. ఇంకా రెండేండ్లు ఆగాలె వాడు. ఆ పోరనికి నా మీద కోపం ఉంది, ఉండనీ.

సెప్టెంబర్ ఆఖర్ల టెస్టుకు స్లాట్ పెట్టినం. దొరికింది అక్టోబర్ 9కి, దసరా అయినంక. వానొస్తే టెస్టు ఆగుతదేమోనని రెండు రోజులు ఆకాశమే చూసినం. బండికి ఎనిమిది అంకె లెక్క గీసిన ట్రాక్, కాలు కింద పెట్టొద్దు. అది ఒక్కసారికే అయింది. కారుకు కూడ ఎనిమిది, ఎక్కుడు మీద ఆపి వెనుకకు జారకుండ కదిలించుడు, హెచ్ ఆకారంల రివర్స్. ఎక్కుడు మీద వానికి మంచిగనే వచ్చింది. హెచ్ రివర్స్‌ల ఎడమ వెనుక చక్రం గీత దాటింది. ఫెయిల్.

నేను దూరం నుంచే చూసిన. వాడు దిగి వస్తుంటే గుండె కలుక్కుమన్నది. కాని లోపల్లోపల సంతోషం కూడ అయింది, గీత దాటినోణ్ని పాస్ చేయలే కదా అని. నియమం ప్రకారం ఫెయిలైతే ఏడు రోజులు దాటినంకనే మల్ల రావాలె. మూడుసార్లు ఫెయిలైతే అరవై రోజులు ఆగాలె. అక్కడ వరుసల నిలవడ్డ పిల్లలల్ల చానా మంది సొంతంగ బండి నడుపుకుంట, వెనుక ఇద్దర్ని ఎక్కించుకొని, లైసెన్స్ టెస్టుకు వచ్చిన్రు. ఒకరి తండ్రి గేటు దాక కొడుకు వెనుక కూసొని వచ్చిండు. ఆయనతోని మాట్లాడిన. మంచి మనిషే, వ్యవసాయం. "పదేండ్లప్పటి నుంచి నడుపుతుండు సారూ, వానికి రాదా" అన్నడు. వానికి బండి ముందుకు పోనిచ్చుడు వస్తది, నిజమే. ఆపుడు ఎవరు నేర్పిన్రని అడిగితే ఆయన కాసేపు ఆలోచించిండు.

సార్ నాలుగు రోజులు రివర్స్ ఒక్కటే చేయించిండు, అద్దాలు చూసుకుంట, మెడ తిప్పి. అక్టోబర్ 21న పాసైండు. టెస్ట్ అయ్యేది నిమిషాలల్లనే. అందుల రాత్రి లేదు, వాన లేదు, హైవే లేదు, ముందు బ్రేకు పరీక్ష లేదు. అందుకే పాసైనంక కూడ సార్ దగ్గర వారం రోజులు వేరే పైసలిచ్చి కొనసాగించినం. "లైసెన్స్ వచ్చినంక కూడ వచ్చేటోళ్లు ఎవరుంటరన్నా" అని ఆయన నవ్విండు, పైసలు మాత్రం సగమే తీసుకున్నడు.

ఆ వారంల వడ్ల కాలం వచ్చింది. మా దిక్కు తెలిసినోళ్లకు చెప్పనక్కర లేదు. వానకాలం పంట కోసి రోడ్డు మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తరు, అంచుకు రాళ్లు పెడతరు. సాయంత్రం కుప్ప చేసి నల్ల కవరు కప్పుతరు. చీకట్ల ఆ నల్ల కుప్ప రోడ్డుల కలిసిపోతది. వడ్లు ఎత్తినంక రాళ్లు అట్లనే మిగులుతయి. రైతును తిట్టుడు నాకు చేతకాదు, నేనూ ఆ ఇంట్ల పుట్టినోణ్నే. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంల తీసుకోరు, ఆరబోయనీకి అందరికి కల్లాలు లేవు. కాని ఆ రాళ్ల మీద పడి ఎవరింటి పిల్లగాడో పోతడు. మునుగోడు దిక్కు రోడ్డు మీద పొద్దుగూకే యాళ్ల సార్ మావోనితోని కారు తోలించిండు. ఎదురుంగ ట్రాక్టర్, దానికి ఒక్కటే లైటు, వెనుక ట్రాలీకి అదీ లేదు. ఇవతల వడ్లు. మావోడు స్పీడు తగ్గించి, పూర్తిగ ఆగి, ట్రాక్టర్ పోయినంక కదిలిండట. సార్ ఫోన్ చేసి చెప్పిండు. లైసెన్స్ పాసైన ఫోన్ కన్న నాకు ఆ ఫోన్ ఎక్కువ.

పత్తి ఏరే కూలీల ఆటోలు కూడ ఈ నెలలల్లనే. పొద్దున్నే కిక్కిరిసి పోతయి, ఎవరు చేయెత్తితే అక్కడ రోడ్డు మీదనే ఆగుతయి. ఆటో వెనుక మూడు సెకండ్ల దూరం ఉంచమని సార్ నేర్పిండు: ముందు బండి ఏదన్న స్తంభం దాటంగనే మనసుల లెక్కవెట్టాలె, మూడు అనకముందే మనం అక్కడికి చేరితే దగ్గరున్నట్టు. వానలైతే ఇంకా పెంచాలె.

కార్డు పోస్టుల నవంబర్ రెండో వారంల వచ్చింది. అంతకు ముందే ఫోన్‌ల డిజిలాకర్‌ల కనబడ్డది, అది చూపించినా చెల్లుతది.

ఖర్చు లెక్క: కారు నేర్పినందుకు ఆరున్నర వేలు, బండికి రెండు వేలు, చివరి వారం, టెస్టుకు స్కూల్ కారు తెచ్చినందుకు కలిపి ఇంకో రెండు వేలు. ప్రభుత్వ ఫీజులు, లెర్నర్ నుంచి రెండో టెస్టు దాక, సర్వీస్ చార్జీలతోని రెండు వేలు దాటినయి. అద్దాలు రెండు వేలు. హెల్మెట్లు రెండు, ఒకటి వానికి, ఒకటి వెనుక కూసునేటోనికి. అంతా పదహారు, పదిహేడు వేల మధ్య తేలింది. కొత్త ఫోన్ కొనిచ్చేటప్పుడు ఎవరు ఈ లెక్క అడగరు.

ఇప్పుడు ఇంట్ల పద్ధతి ఇట్ల నడుస్తున్నది. కాలేజీకి బండి మీద పోతుండు, పగటి పూటనే. చీకటి పడ్డంక ఒక్కడే నడిపేది సంక్రాంతి దాటినంకనే. వెనుక ఒక్కరికన్న ఎక్కువ ఎక్కితే తాళంచెవి నెల రోజులు అల్మారల. అద్దాలు లేకుండ బండి ఎక్కొద్దు, ఒక జత సీటు కింద డబ్బల పెట్టుకున్నడు. విజయవాడ హైవే మీద కారు మాత్రం ఇంకా ఒంటరిగ ఇయ్యలే. నార్కట్‌పల్లి దగ్గర హైవేల కలిసేటప్పుడు వాడు ఇంకా జంకుతుండు, వెనుక నుంచి వచ్చే కార్ల వేగం అంచనాకు వస్తలేదు. సంక్రాంతికి ఆ రోడ్డు మీద కార్లు బారులు తీరుతయి, అంతకు ముందే నా వీక్లీ ఆఫ్‌లల్ల పొద్దున్నే సార్ పక్కన కూసొని చిట్యాల దాక తోలి రావాలని మాట్లాడుకున్నం. నేను వెనుక సీట్ల కూసునేటందుకు మాత్రం సార్ ఈసారి ఒప్పుకున్నడు, మాట్లాడొద్దన్న షరతు మీద.